మూడో రీలు

నర్యిన్ బజారులో నా కొట్టు.
చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి.
మే నెలాఖరు, గొర్రెలు కొండెక్కే ముందు
బురుల్చా ఆపా వచ్చింది.
రుమాలు ముడి విప్పింది, లోపల ఇంకో ముడి,
దాని లోపల గోరంత మెమరీ కార్డు,
కార్డుకు అంటుకుని ఎండు పెరుగుండల పొడి.
"సినిమా ఉంది. ఫోను మొండికేసింది."

ఊది తుడిచి పెట్టి చూశాను.
ఫైలు పేరంతా ప్రశ్నార్థకాలు.
నొక్కితే ఒకటే మాట: తెరవడం కుదరదు.

"ఫైలంటే మూట, ఆపా.
కట్టినవాడి ముడి ఒకటి, నీ ఫోనుకు తెలిసిన ముడి ఇంకోటి.
అన్ని ముడులూ విప్పే ప్లేయరొకటి వేస్తాను.
దానికీ లొంగకపోతే
రాత్రి కంప్యూటర్లో మూటే మార్చి కడతాను."

"సోంకోల్ దగ్గర సిగ్నలుండదు. ఆడుతుందా?"
"ఆడుతుంది. నీ దగ్గరున్నదాన్ని చూడ్డానికి
ఎవరి అనుమతీ అక్కర్లేదు."
ఆమె కార్డు వైపు చూసి నవ్వింది.
"మా ఆయనకు రెండు గుర్రాలు పట్టేవి."

షార్షెన్ సంచార సినిమా ఆపరేటరట.
ఒక గుర్రం మీద ప్రొజెక్టరు, ఒక గుర్రం మీద రీళ్ల డబ్బాలు,
జనరేటరు మాత్రం ఏ ఊళ్లో దొరికితే ఆ ఊరి గాడిద మీద.
గుడారానికి దుప్పటి కట్టి బొమ్మ వేస్తే
వెనకవైపు కూర్చున్న పిల్లలకు
అందరూ ఎడమచేత్తో కత్తి దూసేవాళ్లట.

కొత్త ప్లేయరు వేశాను.
బొమ్మ వచ్చింది, గొంతు రాలేదు.
డీకోడర్ మార్చాను.
గొంతు వచ్చింది, పెదాలు అర సెకను వెనకబడ్డాయి.
"పోనీలే, కొండల్లో అంతేగా," అంది,
"కేక ముందొస్తుంది, మనిషి తర్వాత."
అయినా వేలితో జరిపి కలిపాను. నా పని అది.

ఇరవై రెండో నిమిషం.
వంతెన మీద కుర్రాడు, అవతల ఒడ్డున పిల్ల,
ఒక గీత పడింది, అంతే,
మంచు. ముసలివాడొకడు కట్టెలు కొడుతున్నాడు.
"పాడైంది" అన్నాను. "రిపేరు చేస్తాను."
ఇండెక్సు మళ్లీ కట్టాను, కాపీ తీసి చూశాను,
చెమట పట్టింది.
ఆపా నా పాట్లు చూస్తూ తాపీగా టీ తాగింది.

"అది నీ కార్డులో లేదు, బాబూ.
డెబ్బై ఎనిమిదిలో గుర్రం కాలుజారి
మూడో రీలు నది పాలైంది.
మిగిలినవే మనవడు బిష్‌కెక్‌లో ఫైలు చేయించాడు."

"మరి అన్నేళ్లూ ఎలా వేశారు?"

"రెండో రీలు అయిపోగానే దీపం వెలిగించేవాడు.
తెర ముందు నిలబడి మూడోది నోటితో చెప్పేవాడు.
పిల్ల గొంతు, వంతెన కిర్రు, గుర్రం సకిలింపు, అన్నీ తనే.
నిజం చెప్పాలంటే జనం వచ్చేది ఆ పది నిమిషాలకే."

నెట్లో పూర్తి సినిమా వెతికిపెడతానన్నాను.
చురుక్కున చూసింది. ఇంకెప్పుడూ అనలేదు.
వెలుతురు తగ్గించడం నేర్పాను,
సోలారు పలకకు తీగ అమ్మాను,
ఆమె అడిగితే ఒకే ఒక్క పని అదనంగా చేశాను:
ఇరవై రెండో నిమిషంలో సినిమా దానంతటదే ఆగేలా.

వెళ్తూ వెళ్తూ నాకూ ఒక కాపీ ఉంచుకోమంది.

మధ్యాహ్నాలు బేరం లేనప్పుడు వేసుకుంటాను.
వంతెన దగ్గర ఆగుతుంది.
ఫోను బాగుచేయించుకోవడానికి కొండ దిగినవాళ్లను
ఒక్కొక్కరినీ అడుగుతున్నాను.
వంతెన కూలిందని ఒకడు.
పెళ్లయిందని, పెళ్లిలో తన తాత ఉన్నాడని ఇంకొకడు.
ఒకావిడ చాలాసేపు ఆలోచించింది:
"ఏమీ జరగదు. గుర్రం నీళ్లు తాగుతుంది.
కానీ ఎంత బాగా తాగుతుందనుకున్నావ్."
ఆమె దగ్గర డబ్బులు తీసుకోలేదు.